ఇనుప పట్టా నుంచి గాలి టైరు దాకా

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి పొలాల పత్తిని ఒకప్పుడు కొయ్య చక్రాల ఎద్దుల బండ్లే మార్కెట్టుకు చేర్చేవి. చక్రం వడ్రంగి పని, దాని చుట్టూ ఇనుప పట్టా తొడగడం కమ్మరి పని. చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేసిన పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగగానే చక్రానికి ఎక్కించి నీళ్లు పోసేవారు. చల్లారిన పట్టా కొయ్యను గట్టిగా బిగించేది. అయితే వానాకాలం రేగడిలో ఆ సన్నని చక్రం దిగబడేది.

1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరు రూపొందించాడు. తర్వాతి కాలంలో అది ఎద్దుల బండికీ వచ్చి ‘టైరు బండి’ అయింది. వెడల్పు టైరు బరువును ఎక్కువ నేల మీద పరచడంతో ఎద్దులకు లాగుడు తేలికైంది.

నేటి కారు టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉంటే, వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, ‘ఆర్’ అంటే రేడియల్, రిమ్ము 14 అంగుళాలు. తయారీ కోడ్ చివరి నాలుగు అంకెలు వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చక తప్పదు.