మోకు రెండో కొస

1946 ఆగస్టు 27న దక్షిణ ఫ్రాన్స్‌లోని వోక్లూజ్ ఊట దగ్గర, నీటిపైన ఒక మనిషి మోకు పట్టుకుని ఉన్నాడు. పేరు మోరిస్ ఫార్గ్, ఫ్రెంచి నౌకాదళం మనిషి. ఆ మోకు నీటిలో మునిగి, ఏటవాలు బిలం గుండా చీకట్లోకి దిగిపోయింది. అడుగున జాక్ ఈవ్ కూస్తో, ఫ్రెడరిక్ ద్యూమా ఉన్నారు. వీపున గాలి సిలిండర్లు, చేతుల్లో దీపాలు, తాళ్లు. మనిషి చేపలా స్వేచ్ఛగా ఈదగలిగేలా చేసిన ఆక్వాలంగ్ తయారై అప్పటికి మూడేళ్లే. డైవింగ్ చరిత్ర రాసేవాళ్ల చూపు ఎప్పుడూ ఆ కిందనున్న ఇద్దరి మీదే ఉంటుంది. వాళ్ల ధైర్యం, వాళ్ల పరికరం, వాళ్లు చేరిన లోతు. కానీ చల్లని మంచినీటిలోకి మనిషి దిగిన కథలను వరసగా పెట్టి చూస్తే, బతికామా చచ్చామా అన్నది చాలాసార్లు మోకు పైకొస దగ్గరే తేలిపోయింది. దిగకముందు ఒడ్డున ఏం చూశారు, ఏం చూడలేదు, ఏ మాటకు ఏ అర్థం అనుకున్నారు అన్నదే అసలు చరిత్ర అని నా వాదన. ఈ రోజు డైవర్లు డైవ్ ప్లాన్ అనేది, అలా చావు అంచుదాకా వెళ్లి వచ్చిన అనుభవాలను ఒక్కొక్కటిగా పోగుచేసి రాసుకున్నదే.

వోక్లూజ్ ఊట సోర్గ్ నదికి పుట్టుక. పద్నాలుగో శతాబ్దంలో కవి పెట్రార్క్ ఈ లోయలోనే నివసించాడు. వెంతూ కొండ, దాని పక్కనున్న సున్నపురాయి పీఠభూమి మీద పడిన వాననీరు, కరిగిన మంచు వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్ల నేలలో ఇంకి, రాతి పగుళ్లలో పారి, ఈ ఒక్క నోటి గుండా బయటికి వస్తాయి. ఎండాకాలం చివర్లో నీరు బిలం లోపలికి దిగిపోయి, నల్లని మడుగులా కదలకుండా ఉంటుంది. వసంతంలో అదే నోటినుంచి సెకనుకు 100 ఘనపు మీటర్లకు పైగా ఉరకడమూ ఉంది. డైవర్లు ఆగస్టులోనే ఎందుకు వచ్చారో ఇక్కడే తెలుస్తుంది. ఈ నదిలోకి దిగే ప్రణాళికలో మొదటి మాట, ఎప్పుడు దిగకూడదో తెలుసుకోవడమే. నీరు ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల దగ్గరే ఉంటుంది. లంబసింగిలో చలికాలపు ఉదయం ఇంతకన్నా చల్లగా ఉంటుంది కదా, అదేమంత చలి అనిపించవచ్చు. గాలిలో 12 డిగ్రీలు వేరు, నీళ్లలో 12 డిగ్రీలు వేరు. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాక్కుపోతుంది. ముందు వేళ్లు మొద్దుబారతాయి, తర్వాత ఆలోచన మందగిస్తుంది. ఉప్పు లేని నీరు సముద్రపు నీటికన్నా తేలిక కూడా. సముద్రానికి సరిపోయేలా నడుముకు కట్టుకున్న సీసం ఇక్కడ రెండు కిలోలు ఎక్కువై మనిషిని కిందికి గుంజుతుంది. నెత్తిన రాయి ఉన్న బిలంలో ఆపద వస్తే నిట్టనిలువుగా పైకి తేలిపోయే దారీ లేదు. వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

ఆ నీళ్లలోకి మొదట దిగింది మార్సేయ్ రేవు డైవర్ ఒత్తొనెల్లి, 1878లో. ఇత్తడి శిరస్త్రాణం, బరువు బూట్లు, పైనుంచి గాలి గొట్టం. 23 మీటర్లు దిగాడు. అలాంటి గొట్టానికి కట్టుబడిన మనిషి ఎంతవరకు పోగలడో రెండేళ్ల తర్వాత బ్రిటన్‌లో తెలిసింది. సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగంలోకి 1879 అక్టోబరులో ఒక భూగర్భ మంచినీటి ఊట బద్దలై దూకింది, పనంతా మునిగిపోయింది. నీటిని తోడాలంటే ముందు సొరంగం లోపల సుమారు 300 మీటర్ల దూరాన ఉన్న ఇనుప తలుపు మూయాలి. అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ మొదట గాలి గొట్టంతో ప్రయత్నించాడు. గొట్టం కప్పుకు తేలి చిక్కుకుని వెనక్కి లాగేసింది. 1880 నవంబరులో హెన్రీ ఫ్లూస్ చేసిన ఆక్సిజన్ సంచీతో మళ్లీ వెళ్లి తలుపు మూశాడు, చెప్పినన్ని చుట్లు కవాటమూ తిప్పి వచ్చాడు. నీరు తోడాక చూస్తే ఆ కవాటానికి మర ఎడమవైపుది. మూశాననుకుని తెరిచి వచ్చాడు. చిమ్మచీకట్లో, ప్రాణం పణంగా పెట్టి చేసిన పనిలో తప్పు అతనిది కాదు. మర ఎటువైపుదో ఒడ్డున ఉన్నవాళ్లు అతనికి చెప్పలేదు. నీటి అడుగున ఎంతటి మొనగాడికైనా, పైనుంచి వెంట తీసుకుపోయిన సమాచారం తప్పితే వేరే కళ్లు లేవు.

ఇప్పుడు మళ్లీ 1946కు. తూలోన్‌లో ఫిలిప్ తయ్యే నడిపే నౌకాదళ పరిశోధన బృందం ఈ ఊటకు వచ్చింది. ప్రణాళిక వేయకుండా వచ్చారని ఎవరూ అనలేరు. ఇనుప దిమ్మ కట్టిన మోకును దారి చూపే తాడుగా బిలంలోకి దించారు. సంకేతాలు నిర్ణయించుకున్నారు. ఒకసారి లాగితే తాడు బిగించు. మూడుసార్లు లాగితే ఇంకాస్త వదులు. ఆరుసార్లు లాగితే ఆపద, లాగెయ్. అంతకుముందు దిగినవాళ్లు చెప్పిన బిలం వర్ణన చదువుకున్నారు. లోపలికి వెళ్లాక ఆ వర్ణనకూ కళ్లముందున్న రాతికీ పొంతన కుదరలేదు. 46 మీటర్ల దగ్గర, అంటే 25 నిలువులకు పైగా లోతున, ఇద్దరికీ తల తిరగడం మొదలైంది. లోతున కమ్మే నత్రజని మత్తు సముద్రంలో వాళ్లకు పరిచయమే. ఇది ఆ మత్తులా లేదు. ఎటు వచ్చారో, ఎందుకు వచ్చారో గుర్తుకు రావడం లేదు. ద్యూమా దాదాపు స్పృహ తప్పాడు. కూస్తో ఎలాగో మోకు దొరకబుచ్చుకుని, చేతి మీద చెయ్యి వేసి పైకి ఎక్కబోయాడు. ఆ ఎక్కే ప్రతి గుంజూ పైనున్న ఫార్గ్ చేతికి సంకేతంలా తగిలింది. వదులు అంటున్నారనుకుని, నమ్మకంగా, నిజాయితీగా ఇంకా తాడు వదిలాడు. కూస్తో ఎంత ఎక్కినా తాడు చేతుల్లోకి జారి వస్తూనే ఉంది. మోకు వదులైపోయాక ఆరు గుంజులు పైదాకా చేరే మార్గమూ లేదు. ఎవరి తప్పూ లేకుండా ఇద్దరు మనుషులు చనిపోబోతున్న క్షణమది. తాడు ఎక్కే మనిషి గుంజు, సంకేతమిచ్చే మనిషి గుంజు పైన ఒకేలా తెలుస్తాయన్న సంగతి ఎండలో, తీరిగ్గా కూర్చుని నియమాలు రాసుకున్నప్పుడు ఎవరికీ తట్టలేదు. చివరకు ఫార్గ్‌కు ఏదో తేడాగా అనిపించింది. స్పష్టమైన సంకేతం అందకుండానే లాగడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

అదే రోజు తయ్యే, గీ మొరాందియేర్ రెండో జట్టుగా దిగి, వాళ్లూ అలాగే తల తిరిగి పైకి వచ్చారు. తర్వాత సిలిండర్లలో మిగిలిన గాలిని పరీక్షిస్తే అందులో రెండు వేలలో ఒక వంతు కార్బన్ మోనాక్సైడ్ ఉంది. ఆ లోతున ఒత్తిడి ఐదారు రెట్లు కనుక విషం బలమూ అన్ని రెట్లు. కొత్తగా తెచ్చిన కంప్రెసర్ తన పొగను తానే పీల్చుకుని సిలిండర్లలోకి నింపుతోంది. బావుల్లో పూడిక తీసేవాళ్లకు మన ఊళ్లలో ఒక అలవాటు ఉండేది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు వెలిగించిన లాంతరు దించి చూస్తారు. దీపం కొండెక్కితే దిగరు. ఆ పద్ధతి వోక్లూజ్‌లో పనికివచ్చేది కాదు, ఎందుకంటే ఇంత కొద్ది మోనాక్సైడ్‌కు దీపం ఆరదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. అయినా ఆ అలవాటులోని తెలివి అక్కడ కావాల్సిందే. నువ్వు పీల్చబోయే గాలిని నువ్వు దిగకముందే అనుమానించు. ఆ రోజు నీటిని, రాతిని, చలిని, చీకటిని అన్నిటినీ అనుమానించారు. గాలిని ఒక్కదాన్నే నమ్మారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ప్రాణాలు కాపాడింది ప్రణాళికలు కావు, మెరుగైన పరికరాలు. ఒత్తొనెల్లి బూట్లకూ ఈనాటి డ్రై సూట్‌కూ మధ్య ఉన్న దూరమే అసలు చరిత్ర అని. పరికరాల మేలును కాదనను. కానీ 1946లో ఆక్వాలంగ్ ఎక్కడా మొరాయించలేదు. అడిగినంత గాలిని, అడిగిన క్షణాన, కచ్చితంగా అందించింది. అందించింది విషాన్ని. కొత్త పరికరం పాత ప్రమాదాన్ని తీసేస్తూ తనదైన కొత్త ప్రమాదాన్ని తెస్తుంది. సంపీడిత గాలి వ్యాకోచిస్తే చల్లబడుతుంది. నాలుగైదు డిగ్రీలకన్నా చల్లని నదుల్లో ఆ చలికి, నోటికి గాలి అందించే రెగ్యులేటర్ చుట్టూ ఉన్న నీరు గడ్డకట్టి కవాటం మూతపడక, సిలిండర్‌లోని గాలి నిమిషాల్లో బుసబుసా పోతుంది. ఉప్పునీరు సున్నాకన్నా దిగువనే గడ్డకడుతుంది కనుక సముద్రంలో ఈ బెడద తక్కువ. దీన్ని తెలుసుకుని, చలికి తట్టుకునే రెగ్యులేటర్ తెచ్చుకుని, ఒడ్డున గాలిలో ఊరికే పీల్చి దాన్ని ముందే చల్లబరచకుండా జాగ్రత్తపడటం అంతా ప్రణాళికే. పైకి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే పట్టికలను తీసుకోండి. మేకల మీద చేసిన ప్రయోగాలతో జాన్ స్కాట్ హాల్డేన్ బృందం 1908లో ప్రకటించిన ఆ పట్టికలు యంత్రాలు కావు, కాగితం మీద అంకెలు. అవి కాపాడినన్ని ప్రాణాలు ఏ శిరస్త్రాణమూ కాపాడలేదనుకుంటాను.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. వోక్లూజ్‌లో ప్రణాళిక వాళ్లను కాపాడలేదు కదా, ఫార్గ్ దాన్ని పక్కనపెట్టినందుకే బతికారు కదా అని. నిజమే. నియమం ప్రకారం ఆయన ఇంకా తాడు వదులుతూనే ఉండాలి. కానీ ఆయన అక్కడ ఎందుకున్నాడు? పైన ఒక మనిషి, చేతిలో మోకు, లాగే అధికారం అతనిది. ఈ ఏర్పాటే ప్రణాళికలో పెద్ద ముక్క. అది ఉండబట్టే చిన్న ముక్క, అంటే గుంజుల భాష, చెడిపోయినా పని జరిగింది. ఇంగ్లండ్‌లోని వూకీ హోల్‌లో, ఆక్స్ నది పుట్టే గుహలో, 1935లో గ్రాహం బాల్కంబ్, జాక్ షెపర్డ్ బృందం దిగినప్పుడూ పైన పంపులు కొట్టేవాళ్లు, గొట్టాలు అందించేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత గొట్టాలు వదిలి డైవర్లు గుహల్లో స్వేచ్ఛగా ఈదసాగారు. 1949లో అదే గుహలో ఒక డైవర్ ఆక్సిజన్ అయిపోయి చనిపోయాడు. తాడు పట్టుకునే మనిషి లేని చోట అతని పని ఎవరు చేయాలి అన్న ప్రశ్నకు కొంత జవాబు అమెరికాలోని ఫ్లోరిడా ఊటల నుంచి వచ్చింది. అక్కడి మంచినీటి గుహల్లో జరిగిన మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. బయటిదాకా తెగని తాడు ఉండాలి. తెచ్చుకున్న గాలిలో మూడో వంతు అయిపోగానే వెనుదిరగాలి. మరో మూడో వంతు తిరుగు దారికి, మిగిలింది ఆపదకు. లెక్క చిన్నది. ఎక్కడ వెనక్కి తిరగాలో తల మత్తెక్కిన మనిషి లోపల నిర్ణయించుకోవాల్సిన పని లేకుండా, తేటతల ఉన్న మనిషి బయటే నిర్ణయించి పంపుతున్నాడు. ఫార్గ్ చేతిని అంకెగా మార్చి వెంట తీసుకుపోవడమది.

ఫార్గ్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఏడాది తర్వాత, 1947 సెప్టెంబరు 17న, ఆక్వాలంగ్‌తో ఎంత లోతు పోవచ్చో తేల్చడానికి ఆయనే సముద్రంలోకి దిగాడు. తాడుకు లోతులవారీగా పలకలు కట్టారు, చేరిన చోట సంతకం చేసి రావాలి. ఈసారి మోకు పైకొస ఆయన స్నేహితుల చేతుల్లో ఉంది. సంకేతాలు ఆగగానే లాగేశారు. అప్పటికే నోటి గొట్టం జారిపోయి ఉంది, ఎంత ప్రయత్నించినా ప్రాణం రాలేదు. 120 మీటర్ల పలక మీద ఆయన సంతకం ఉంది. పైవాళ్లు చేయగలిగిందంతా చేశారు. కానీ మామూలు గాలితో ఆ లోతున మనిషి మెదడు నిలవదన్న విషయం అప్పటికి ప్రణాళికలో లేదు. ఆ మరణంతో చేరింది.

వోక్లూజ్ అడుగును చివరికి చూసింది మనిషి కాదు. 1981లో క్లోద్ తులుమ్‌జియాన్ 153 మీటర్లు, 1983లో యోఖెన్ హాసెన్‌మాయర్ 205 మీటర్లు దిగారు. 1985 ఆగస్టు 2న మోడెక్సా 350 అనే చిన్న యంత్రం, పైనుంచి తీగతో నడిపిస్తే, 308 మీటర్ల దగ్గర ఇసుక నేలను తాకింది. అది సముద్రమట్టానికి 224 మీటర్లు దిగువన. ఆ 308ని మాత్రం ఆ రోజు నీరున్న మట్టం నుంచి కొలవరు. ఊట ఒడ్డున రాతికి 1869లో బిగించిన కొలబద్ద ఒకటి ఉంది, సోర్గోమీటర్ అంటారు. దాని సున్నా నుంచే ఈ నీళ్లలో ప్రతి లోతునూ ఇప్పటికీ లెక్కిస్తున్నారు.