‘సర్వర్ డౌన్’ కాకుండా ఎలా చూస్తారు?

రేషన్ దుకాణంలో, బ్యాంకులో, టికెట్ కౌంటర్‌లో మనం తరచూ వినే మాట ‘సర్వర్ డౌన్’. సర్వర్ అంటే ఎక్కడో దూరంగా ఉండి, అడిగిన సమాచారం అందించే కంప్యూటర్. ఎప్పుడు అడిగినా అది పలికేలా చూడడాన్ని ‘హై అవైలబిలిటీ’ అంటారు. తెలుగులో నిరంతర లభ్యత అనవచ్చు.

దీనికి కొలత ఉంది. 99 శాతం లభ్యత గొప్పగానే వినిపిస్తుంది. కానీ ఏడాదిలో 3 రోజుల 15 గంటలకు పైగా సేవ ఆగవచ్చని దాని అర్థం. 99.9 శాతమైతే దాదాపు 8 గంటల 46 నిమిషాలు. 99.999 శాతమైతే 5 నిమిషాల చిల్లర మాత్రమే.

యంత్రమన్నాక చెడక మానదు. అందుకే ముఖ్యమైన ప్రతిదానికీ జోడు పెడతారు. 2024 అక్టోబరు 11 రాత్రి మన కవరైపేట్టైలో బాగమతి ఎక్స్‌ప్రెస్ ఆగివున్న గూడ్సు బండిని ఢీకొని లైను మూతబడింది. అప్పుడు దూరప్రాంత రైళ్లను అరక్కోణం, రేణిగుంట మీదుగా మళ్లించారు. సర్వర్లలోనూ ఇంతే. రెండో యంత్రం మొదటిదాన్ని క్షణక్షణం పలకరిస్తూ ఉంటుంది. జవాబు రాకపోతే పని తానే అందుకుంటుంది. దీని పేరు ‘ఫెయిలోవర్’. ఇందుకోసం సమాచారాన్ని రెండు చోట్లా ఎప్పటికప్పుడు నకలు చేస్తారు.

అయితే ఆ మళ్లింపు దారి పొన్నేరిని, కవరైపేట్టైని, గుమ్మిడిపూండిని తాకదు. ఇక్కడి ప్రయాణికులకు అది అక్కరకు రాదు. అలాగే చెన్నైలో సర్వర్లు రెండున్నా, ఊరికి వచ్చే కేబుల్ ఒక్కటే అయితే, అది తెగిన రోజు మనకు సేవ లేనట్టే. జోడు చివరి గడప దాకా ఉండాలి.

రెండింటికీ ఒకే లోపం సోకినా జోడు పనికిరాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అందుకే అప్‌డేట్‌ను ముందు కొన్ని యంత్రాల్లో పరీక్షించాలి. రెండో యంత్రం నిజంగా పని అందుకుంటుందో లేదో అప్పుడప్పుడు మొదటిదాన్ని ఆపి చూడాలి.

మనవంతు జాగ్రత్తలూ ఉన్నాయి. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తును గడువు చివరి రోజుకు వదలకండి. అందరూ ఒకేసారి వచ్చిపడే రోజు అదే. డబ్బు పంపుతుండగా మధ్యలో ఆగితే, ఖాతా చూసుకున్నాకే మళ్లీ పంపండి. రసీదులు, ధ్రువపత్రాల కాగితం నకళ్లు ఇంట్లో ఉంచుకోండి. ఏ సర్వర్ ఆగినా అవి మన చేతిలో ఉంటాయి.