ఒక్క ఓటు అటూ ఇటూ

జేబులో ఉన్న కాగితాన్ని మరోసారి తడిమి చూసుకోండి. పార్టీ విప్ అది. సర్కారు వైపే ఓటెయ్యాలని ఆదేశం.

1953 జులై 29. మద్రాసు గవర్నమెంట్ ఎస్టేట్‌లో పోయిన ఏడాదే తెరిచిన కొత్త శాసనసభ మందిరం. 375 మంది సభ్యుల సభ. మీరు వెనక వరసలో ఉన్నారు. ఉత్తర ఆర్కాడు జిల్లా కాంగ్రెస్ సభ్యులు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. పేరు మీ ఇష్టం, ఏదైనా పెట్టుకోండి. చొక్కా వీపుకు అంటుకుపోతోంది. ముందు వరసలో ముఖ్యమంత్రి రాజాజీ. నల్లద్దాల వెనక ఆ కళ్లు ఎవరిని లెక్కపెడుతున్నాయో తెలియదు. ఎదురు బెంచీల్లో ప్రతిపక్ష నాయకుడు తరిమెల నాగిరెడ్డి. అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించి వచ్చిన మనిషి.

చర్చ బడి గురించి. అంటే డబ్బు గురించి.

మాటలు చెవిన పడుతున్నాయి గానీ మీ మనసు ఇక్కడ లేదు. పోయిన వారం గుడియాత్తం దగ్గర నేతపల్లెలో చూసిందే కళ్ల ముందు తిరుగుతోంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. బడి గంట కొడతారు. పలకలు చంకన పెట్టుకుని పిల్లలు బయటికొస్తుంటే, గుమ్మం దగ్గర ఇంకో జట్టు లోపలికి పోవడానికి కాచుకుని ఉంది. అయ్యవారు ఒక్కరే. ఈ జట్టుకు మూడు గంటలు, ఆ జట్టుకు మూడు గంటలు. ఇదివరకు అయిదు గంటలు ఉండేది. జూన్ నుంచి పల్లె బడుల్లో రాజాజీ పెట్టిన కొత్త పద్ధతి ఇదే. మరి మిగతా పూట పిల్లలేం చెయ్యాలి? అయ్య చేసే పని నేర్చుకోవాలి.

మీరు ఒక పిల్లాడి వెంట వాళ్ల ఇంటిదాకా నడుస్తారు. వాడు పలకను గూట్లో పెట్టి, రాట్నం ముందు కూలబడి కండెలు చుట్టడం మొదలుపెడతాడు. నూలు తెగుతుంది. తెగిన కొసల్ని ఉమ్మితో తడిపి, రెండు వేళ్ల మధ్య నలిపి అతుకుతాడు. మళ్లీ తెగుతుంది. మళ్లీ అతుకుతాడు. గుంట మగ్గంలో కూర్చున్న తండ్రి తలెత్తకుండానే అంటాడు:

“కండెలు చుట్టేది నేర్పించేదానికి గవర్మెంటు కావల్నా సామీ? అది నేనే నేర్పుతా. నాకు రానిది నేర్పమని కదా బడికి పంపేది.”

మీ దగ్గర జవాబు లేదు.

జవాబు ఉన్నవాడు బాగాయం అనే ఊళ్లో దొరికాడు. రైలెక్కే ముందు రాత్రి మీరు దిగింది అక్కడే, బావగారింట్లో. జిల్లా బోర్డు లెక్కల్లో జుట్టు నెరిసిన మనిషి. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని వేళ్లు మడుస్తాడు.

“బావా, పధ్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పమంది రాజ్యాంగం. పదేళ్ల గడువు పెట్టింది. మూడేళ్లు అప్పుడే గడిచిపోయినాయి. గదులేవి? అయ్యవార్లేరి? జీతాలకు సొమ్మేది? అదే గది, అదే జీతం, రెండింతల పిల్లలు. ముసలాయన లెక్క తప్పంటావా?”

కూడిక తప్పు కాదు. నన్నడిగితే మాత్రం, ఆ లెక్కలో ఒక గడి ఖాళీగా వదిలేశారు. పురోహితుడి పిల్లాడు మిగతా పూట ఇంట్లో పుస్తకం తెరుస్తాడు. చాకలి పిల్లాడు రేవుకు పోతాడు. రెండు పూటలూ ఒకటేనని లెక్క వేస్తే ఎలా? దీనికి కులవిద్య పథకమని ఎదుటి పక్షాలు పేరు పెట్టింది ఊరికే కాదు.

మార్చిలో పద్దులు వచ్చినప్పుడు ఇవేవీ మీకు తట్టలేదు. రోడ్లకు ఔను, ఆస్పత్రులకు ఔను, బడులకు ఔను. అందరితో పాటే మీ గొంతూ కలిసింది. పద్దులో అంకె కనబడుతుంది. ఆ అంకె ఒక పిల్లాడికి ఎన్ని గంటల చదువు కొంటుందో కనబడదు.

పక్కన కూర్చున్న చిత్తూరు జిల్లా మిత్రుడు మీ వైపు వంగుతాడు. అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వస్తోంది. అతనూ తక్కిన ఆంధ్ర సభ్యులూ కర్నూలు సభకు పోతారు. మీరు ఇక్కడే ఉండిపోతారు. “మాదేముందిలే అన్నా, రెండు నెల్లు. ఆనక ఈ బడులు మీవే,” అంటాడు గుసగుసగా.

గంట మోగుతుంది. తలుపులు మూస్తారు.

స్పీకర్ శివషణ్ముగం పిళ్లై మొదటి తీర్మానాన్ని ఓటుకు పెడతారు. పథకాన్ని ఎత్తెయ్యాలి. ఔననేవాళ్లెందరు?

ఎదురు బెంచీలు కదులుతాయి. మీ మోకాళ్లు కదలవు. జేబులో విప్.

138.

కాదనేవాళ్లు?

మీరు లేచి నిలబడతారు. లెక్క సాగుతుంది.

138.

సమానం. తీర్మానం నెగ్గలేదు. పథకం బతికింది.

ముఖ్యమంత్రి ఓటు ఏమైంది? లేదు. రాజాజీ ఎన్నికల్లో గెలిచి వచ్చినవారు కాదు. గవర్నర్ శాసనమండలికి నామినేట్ చేస్తే వచ్చారు. ఈ సభలో ఆయన మాట్లాడవచ్చు, గంటసేపు వాదించవచ్చు. ఓటు మాత్రం వెయ్యలేరు. మీరు వెయ్యగలరు.

రెండో తీర్మానం. ఇది రద్దు చెయ్యమనడం లేదు. పథకాన్ని ఆపి, నిపుణుల కమిటీకి పంపమంటుంది. అంతే.

సన్నటి సందు. ఒక మనిషి పట్టేంత.

అటు పోతే పార్టీ ఊరుకోదు. వచ్చేసారి టికెట్ అడగను ముఖం ఉండదు. ఇటే ఉంటే ఆ పల్లెకు పోను ముఖం ఉండదు. పక్కనున్న మిత్రుడు మిమ్మల్ని చూడడం లేదు. విప్ జారీ చేసిన పార్టీ మనిషి మాత్రం చూస్తున్నాడు.

ఔననేవాళ్లెందరు?

గొంతు ఎండిపోయింది.

తేల్చుకోండి.

లెక్క పెడుతున్నారు. మీ వరస దాకా వచ్చారు.

139.

కాదన్నవాళ్లు 137.

సర్కారు ఓడింది. 138, 138 కాస్తా 139, 137 కావడానికి ఒక్క మనిషి ఇటు నుంచి అటు పోతే చాలు.

సభ గోలగోలగా ఉంది. ఎవరో భుజం తడతారు, ఎవరో ముఖం తిప్పుకుంటారు. అయితే ఒక తీర్మానం నెగ్గినంత మాత్రాన పల్లెలో బడి గంట మారిపోదని మీకు త్వరలోనే తెలుస్తుంది. ఆగస్టులో పరూలేకర్ అధ్యక్షుడుగా కమిటీ వేస్తారు. ఆ కమిటీ పథకం బాగానే ఉందంటుంది! గొడవ ముదిరి, 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోతారు. కామరాజ్ వస్తారు. మే నెలలో ఆ పథకాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటిస్తారు.

కొత్త ముఖ్యమంత్రికీ ఈ సభలో ఓటు లేదు. ఆయన శ్రీవిల్లిపుత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. మండలి దారి ఆయనకూ తెరిచే ఉంది. ఆ దారిన పోకుండా ఉప ఎన్నికకు నిలబడతారు. ఎక్కడో కాదు, మీ గుడియాత్తంలోనే.

ఇప్పుడు మీరు ఆయన కోసం ఓట్లడుగుతూ ఆ నేతవీధిలోనే నడుస్తున్నారు. ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ ఆయన్ని బలపరుస్తున్నారు. అన్నాదురై పార్టీ డీఎంకే కూడా. పోటీలో కమ్యూనిస్టు అభ్యర్థి. మగ్గం ఆపి నేతగాడు బయటికొస్తాడు. “బడి మళ్లా పాత టైముకే పెట్టిరి, సరే. మధ్యాన్నం వీడికి కూడెవరు పెడతారు సామీ?”

ఈసారి కూడా మీ దగ్గర జవాబు లేదు. కామరాజ్ గెలుస్తారు. 1956లో ఆయన సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలుపెడుతుంది. దానికీ సొమ్ము కావాలి, దానికీ సభలో ఎవరో ఒకరు ఔననాలి.

ఇక ఆ సభ్యుడి వేషం తీసేయండి. ఈసారి మీ ఎమ్మెల్యే వీధిలో కనబడితే, విద్య పద్దు మీద ఓటింగు జరిగిన రోజు సభలో ఉన్నారా అని అడగండి. ఉన్నానంటే, ఎటు ఓటేశారో కూడా అడగండి.