అప్‌డేట్ ఎక్కకముందే సిస్టమ్ ఎందుకు స్లో?

2013లో పర్చూరులో మా ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉండేది. ఆన్ చేస్తే గంటసేపు ఫ్యాన్ మోతే. వైరస్ అనుకుని నాన్న ఫార్మాట్ చేయించారు. అక్క పెళ్లి ఫొటోలు పోయాయి, స్లో మాత్రం పోలేదు.

అసలు దొంగ అప్‌డేట్లు వెతికే ప్రాసెస్. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ నెలనెలా ప్యాచ్‌లు ఇస్తోంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కొత్త ప్యాచ్ పాతదాన్ని రద్దు చేసేది, అది దాని ముందుదాన్ని. ఏది పెండింగో తేల్చాలంటే ఆ గొలుసంతా తిరగాలి. ఒక్కో లింకు చేరినప్పుడల్లా పని దాదాపు రెట్టింపు! అంటే ఎక్కించడం కాదండీ, లెక్క చూసుకోవడానికే ప్రాసెసర్ మొత్తం అయిపోయేది. ఇక ఫార్మాట్ చేస్తే? అన్నీ మళ్లీ పెండింగే.

2014 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ పాత లింకులు తీసేసింది. మూడు నెలలకే, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి సపోర్టే ఆపేసింది.