కోడి తగువూ, నా పాత పికప్పూ

పోయినేడాది ఒక పాత టయోటా పికప్పు కొన్నాను. 1993 మోడల్. రెండు లక్షల ముప్ఫై వేల మైళ్ళు తిరిగింది. ఏసీ లేదు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, ముందు ఇద్దరు కూర్చుంటే ఇక చోటుండదు. ఫోన్లో చెప్తే మా నాన్న "లక్షణంగా కారుండగా ఆ డొక్కు ఎందుకురా, ఇటుకలు తోల్తావా?" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

నాకు వచ్చిన సందేహం వేరే. ముప్ఫై ఏళ్ళు దాటిన బండికి ఇంత రేటేమిటి? రెండు నెలలు వెతికాను. తుప్పు లేని బండి అమ్మకానికి పెట్టిన పూటే ఎగిరిపోతుంది, బేరమాడితే అవతలివాళ్ళు నవ్వుతారు. కారణం చూస్తే సింపులే. ఈ సైజు పికప్పు అమెరికాలో ఇప్పుడు కొత్తది దొరకదు. నా బండి పొడవు పదిహేను అడుగుల లోపు. ఇప్పుడు "చిన్నది" అని అమ్ముతున్న ఫోర్డ్ మావెరిక్ దాదాపు పదిహేడడుగులు. మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు, పార్కింగ్ లాట్లో వాటి పక్కన నా బండి ఎనుబోతు పక్కన మేకపిల్లలా ఉంటుంది.

మరి చిన్న బండ్లు ఏమయ్యాయి? తవ్వుకుంటూ పోతే ఈ కథ కోళ్ళ దగ్గర తేలింది. నిజంగా కోళ్ళే :-)

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో కోళ్ళ పెంపకం పూర్తిగా మారిపోయింది. పెరట్లో తిరిగే కోడి పోయి, షెడ్డుల్లో వేల లెక్కన పెరిగే బ్రాయిలర్ వచ్చింది. చికెన్ చవకైపోయింది, దేశంలో తినగా మిగిలింది గడ్డకట్టించి ఓడలెక్కించారు. ఎక్కువగా కొన్నది పశ్చిమ జర్మనీ. అక్కడి రైతులు లబోదిబోమన్నారు. 1962లో యూరప్ ఉమ్మడి మార్కెట్ దేశాలు తమ కొత్త వ్యవసాయ విధానం కింద దిగుమతి చికెన్ మీద పెద్ద సుంకం వేశాయి. అమెరికా కోళ్ళ వ్యాపారానికి గట్టి దెబ్బ తగిలింది.

ప్రచ్ఛన్నయుద్ధం మాంచి కాక మీదున్న రోజులు. అయినా చూడండి, అర్కాన్సా సెనేటర్ ఫుల్‌బ్రైట్ నాటో వాళ్ళు అణ్వాయుధాల గురించి చర్చిస్తుంటే మధ్యలో కోళ్ళ సంగతి ఎత్తాడు (అర్కాన్సాలో కోళ్ళ ఫారాలెక్కువ లెండి). జర్మనీ ఛాన్సలర్ ఆడెనావర్ అయితే, కెన్నెడీకీ తనకీ మధ్య నడిచిన ఉత్తరాల్లో సగం కోళ్ళ గురించే అయ్యుంటాయని జోకేశాడట. బెర్లిన్ గొడవ జరుగుతున్న కాలంలో!

చివరికి గాట్ ప్యానెల్ 1963లో అమెరికాకి జరిగిన నష్టం 2.6 కోట్ల డాలర్లని తేల్చింది. అంత మేరకు అమెరికా ఎదురుదెబ్బ తియ్యొచ్చన్నమాట. 1963 డిసెంబర్ 4న, అంటే కెన్నెడీ హత్య జరిగి రెండు వారాలు కూడా కాకముందే, జాన్సన్ సంతకం పెట్టాడు. నాలుగు వస్తువుల మీద సుంకం పెరిగింది: బంగాళాదుంప స్టార్చ్, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, ట్రక్కులు. స్టార్చీ డెక్స్‌ట్రినూ హాలండ్‌కి తగలాలని, బ్రాందీ ఫ్రాన్స్‌కి తగలాలని, ట్రక్కులు జర్మనీకి. ట్రక్కుల మీద పడింది 25 శాతం. 1964 జనవరి 7 నుంచి అమలు.

ట్రక్కులే ఎందుకంటే, ఫోక్స్‌వాగన్ వాడి డబ్బా వ్యానూ, దాన్లోంచే చేసిన పికప్పూ అప్పుడు అమెరికాలో బాగా పోతున్నాయి. కార్మిక సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌కి అది కంటగింపుగా ఉంది. ముందు ఎన్నికలున్నాయి, సమ్మె వద్దు, పౌరహక్కుల విషయంలో ఆయన మద్దతు కావాలి. ఇవన్నీ జాన్సన్ లెక్కలో ఉన్నాయని తర్వాత బయటపడ్డ టేపుల వల్ల తెలిసింది. మొత్తానికి గురి కుదిరింది. 1964లో జర్మనీ నుంచి వచ్చిన ట్రక్కుల విలువ అంతకు ముందేడాదిలో మూడో వంతుకి పడిపోయింది.

ఇక్కడే అసలు మెలిక. గాట్ నియమం ప్రకారం ఇలాంటి సుంకం ఒక్క దేశం మీద వెయ్యకూడదు, అందరికీ ఒకటే ఉండాలి. దాంతో కోడి తగువులో వేలు కూడా పెట్టని జపాన్ ఇరుక్కుంది. అప్పటికి జపాన్ వాడు అమెరికాకి పంపే ట్రక్కులు లెక్కలోకి రానన్నే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మన భాషలో చెప్పాలంటే, ఒక కస్టమర్ కోసం హడావుడిగా రాసిన ప్యాచ్ ప్రొడక్షన్లో అందరికీ వెళ్ళిపోయింది. తర్వాత తీసేద్దాంలే అనుకున్నారు. స్టార్చ్, డెక్స్‌ట్రిన్, బ్రాందీల మీద తర్వాతి కాలంలో తీసేశారు కూడా. ట్రక్కుల మీద అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నా బండి దగ్గరికొద్దాం. నేను చేసిన మొదటి పెద్ద పని వెనక తొట్టి ఊడదియ్యడం. ఛాసిస్‌కి వెనక కమాను పట్టీలు తగిలే చోట తుప్పుందేమో కింద నుంచి టార్చి వేస్తే సరిగ్గా కనపడదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. పికప్పులో ముందు క్యాబిన్ వేరు, వెనక తొట్టి వేరు, రెండూ విడివిడిగా ఛాసిస్ మీద బోల్టులతో కూర్చుంటాయి. బోల్టుల మీద ముందు రోజు రాత్రే నూనె పోసి ఉంచి, పొడుగు పానా పెట్టి తిప్పితే వదిలాయి. టైల్ లైట్ల వైర్లు, పెట్రోలు పోసే గొట్టం విప్పేసి నలుగురం పట్టి ఎత్తితే తొట్టి పక్కకొచ్చేసింది. ఛాసిస్ గట్టిగానే ఉంది. బుష్షులు మాత్రం పిండైపోయాయి, వయసు అలాంటిది. మార్చాను.

ఆ తొట్టిని చూశారూ, మొదట్లో జపాన్ వాళ్ళ తెలివంతా దాంట్లోనే ఉంది. పూర్తి ట్రక్కుకి సుంకం 25 శాతం, అదే తొట్టి లేకుండా క్యాబిన్, ఛాసిస్ మాత్రమే వస్తే 4 శాతం. ఇంకేం! ఓడలో బండి తొట్టి లేకుండా వచ్చేది, రేవులో దిగాక తొట్టి బిగించేవారు. అమెరికన్ కంపెనీలూ ఇదే దారి పట్టాయి. 1970ల్లో ఫోర్డ్ 'కూరియర్' పేరుతో అమ్మింది మజ్దా బండి, షెవర్లే 'లవ్' పేరుతో అమ్మింది ఇసుజు బండి, రెండూ ఇలా వచ్చినవే. టయోటా కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తొట్లు చేయించడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ అమెరికాలో చేసిన మొదటి తయారీ అదే. కారు కాదు, ఇంజను కాదు, రేకు తొట్టి!

1980లో కస్టమ్స్ వాళ్ళు ఈ సందు మూసేశారు. తొట్టి లేకపోయినా ట్రక్కు ట్రక్కే, 25 శాతం కట్టమన్నారు.

సుబారు వాడిది మరీ చోద్యం. 1978లో వచ్చిన 'బ్రాట్' అనే చిన్న పికప్పుకి వెనక తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు వెనక్కి తిరిగి ఉండేలా వెల్డింగ్ చేసి, కింద తివాచీ పరిచాడు. మనుషులు కూర్చుంటారు కాబట్టి ఇది కారు, కారుకి సుంకం తక్కువ. ఓపెన్ తొట్టిలో హైవే మీద గాలిలో కూర్చోడానికి ఎవరికి ధైర్యమో గానీ, రూలు రూలే. రీగన్ గారి పొలంలో కూడా ఇదే బండి ఉండేది.

సందులన్నీ మూసుకుపోయాక మిగిలిన దారి ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టడం. నిస్సాన్ టెనెస్సీలోని స్మర్నాలో ఫ్యాక్టరీ కట్టి 1983 జూన్‌లో బయటికి తెచ్చిన మొదటి బండి పికప్పే. టయోటా, జనరల్ మోటార్స్ కలిసి 1984లో ఫ్రీమాంట్‌లో నమ్మీ అనే ఫ్యాక్టరీ నడిపించాయి, 1991 నుంచి అక్కడ పికప్పులు కూడా తయారయ్యాయి. పాత టయోటా కొనేవాళ్ళకో చిట్కా: 17 అక్షరాల విన్ నంబరు చూడండి. 'జె'తో మొదలైతే జపాన్‌లో పుట్టింది, '4'తో మొదలైతే అమెరికాలో. పదో అక్షరం ఏడాది చెప్తుంది, 1993కి 'పి'. పదకొండో అక్షరం ఫ్యాక్టరీ. నా బండికి అక్కడ 'జెడ్' ఉంది, అంటే ఫ్రీమాంట్. నేనుండే చోటికి పావుగంట దూరం. నమ్మీ 2010 ఏప్రిల్‌లో మూతపడింది, అదే ఏడాది టెస్లా 4.2 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఫ్రీమాంట్ తెలుగువాళ్ళు 880 మీద రోజూ చూసే తెల్ల బిల్డింగు ఇదే.

కాబట్టి సుంకం వల్ల ఉద్యోగాలు రాలేదని అనలేం, వచ్చాయి. మన దగ్గరా దాదాపు అదే సమయంలో అదే జరిగింది. దిగుమతులకి తలుపులు మూసి ఉండటంతో 1980ల్లో జపాన్ వాళ్ళు జతకట్టి వచ్చారు: డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన హైదరాబాద్ ఆల్విన్‌తో నిస్సాన్. ఆర్టీసీ బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన ఆల్విన్ జహీరాబాద్‌లో నిస్సాన్ వ్యాన్లు చేసింది. అది 1989లో మహీంద్రా చేతికెళ్ళింది. మా వయసు వాళ్ళకి ఆల్విన్ నిస్సాన్ వ్యానంటే గుర్తుండే ఉంటుంది. ఇంతకీ కార్ల మీద దశాబ్దాలపాటు వంద శాతం దాకా సుంకం వేసిన దేశం వాళ్ళం, పాతిక శాతానికి అమెరికాని మనం వెక్కిరించలేం.

తేడా ఎక్కడుందంటే, మన దగ్గర తలుపులు మూసినా చిన్న బండి బతికింది. 2005లో టాటా ఏస్ వచ్చింది, సందుల్లో కూరగాయలూ నీళ్ళ క్యాన్లూ దానిమీదే తిరుగుతున్నాయి. ఇక్కడ బయటి పోటీకి అడ్డుగోడ ఉన్నచోట డెట్రాయిట్ కంపెనీలు పెద్ద పికప్పుల మీద లాభాలకి అలవాటుపడ్డాయి. ఫోర్డ్ చిన్న రేంజర్‌ని 2011 డిసెంబర్‌లో ఆపేసింది, మిన్నెసోటాలో దాన్ని చేసే ఫ్యాక్టరీని మూసేసింది. 2019లో మళ్ళీ ఆ పేరుతో వచ్చింది పెద్ద బండి.

నేరమంతా కోడి పన్నుదే అనను. 2011 మోడల్స్ నుంచి మైలేజీ రూలు బండి కొలతని బట్టి మారింది, చక్రాల మధ్య చోటు ఎంత ఎక్కువైతే టార్గెట్ అంత తేలిక. చిన్న ట్రక్కు చేసేవాడికి అది శిక్షే. కొనేవాళ్ళకి పెద్ద బండి మోజూ ఉంది, కాస్ట్‌కోకి వెళ్ళడానికి నాలుగు తలుపుల ట్రక్కు కావాలి మరి. కానీ బయటినుంచి చవక బండి వచ్చే దారుంటే ఎవడో ఒకడు తెచ్చేవాడు.

తేబోయిన వాళ్ళలో మహీంద్రా ఒకరు. 2006లో జార్జియాలోని ఒక కంపెనీతో ఒప్పందం కుదిరింది. డీజిల్ పికప్పు అమ్మాలని ప్లాను. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించి సుంకం తప్పించుకోవాలని ఆలోచన. వందల మంది డీలర్లు డబ్బు కట్టారు. వాయిదా మీద వాయిదా పడి 2010లో అంతా ఆగిపోయింది, తర్వాత కోర్టులకెక్కారు. ఒక్క బండి కూడా రోడ్డెక్కలేదు.

ఫోర్డ్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఏ కంపెనీల్ని కాపాడుతుందని ఈ సుంకాన్ని సమర్థించారో వాటిలో ఒకటైన ఫోర్డే, తన సొంత 'ట్రాన్సిట్ కనెక్ట్' వ్యాన్లని టర్కీ నుంచి 2009లో తేవడం మొదలుపెట్టింది. వెనక సీట్లతో వచ్చేవి, ప్యాసింజర్ బండి కాబట్టి 2.5 శాతం. బాల్టిమోర్‌లో దిగగానే సీట్లు పీకేసి, వెనక అద్దాల చోట రేకు బిగించి సరుకుల వ్యాన్ చేసేవారు. 2013లో కస్టమ్స్ ఒప్పుకోమంది. కేసు ఏళ్ళ తరబడి నడిచి, 2019లో అప్పీలు కోర్టులో ఫోర్డ్ ఓడిపోయింది, 2020లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. 2024 మార్చిలో 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

కంపెనీలు ఎలాగో సర్దుకుంటాయి. నాకు గుర్తుండిపోయింది వేరే మనిషి. నాకంటే ముందు ఈ బండి చూసుకెళ్ళినాయన తోటపని చేస్తాడట, గడ్డి కోసే మిషను వేసుకోడానికి. రేటు కుదరక వెళ్ళిపోయాడని అమ్మినాయన చెప్పాడు. బే ఏరియాలో ఏ వీధిలో చూసినా మిషన్లూ పారలూ మోస్తున్నవి ఈ పాత టయోటాలూ నిస్సాన్లే. వాల్వుల సందు బ్లేడు గేజీ పెట్టి ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు సరిచేసుకోవడం నాకు శనివారం కాలక్షేపం. ఆయనకి ఆ బండే కూడు. నాలాంటి సరదారాయుళ్ళు రేట్లు పెంచేస్తుంటే ఆయన కొత్తది కొనుక్కోడానికి ఆ సైజులో కొత్తది లేదు.

ఇంతకీ ఆ కోళ్ళ సంగతేమైందని అడుగుతారేమో. 1997లో క్లోరిన్‌తో కడిగిన చికెన్ వద్దని యూరప్ అమెరికా కోడికి మళ్ళీ తలుపేసింది.

పన్ను మాత్రం ఎవరు వచ్చినా పోలేదు. జపాన్‌కి ముప్ఫై ఏళ్ళలో తీసేస్తామని పసిఫిక్ ఒప్పందంలో రాశారు, 2017 జనవరిలో అమెరికా ఆ ఒప్పందం నుంచే తప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో కార్ల మీద కూడా అదనంగా 25 శాతం వేశారు, తర్వాత జపాన్, యూరప్, కొరియాలతో మాట్లాడుకుని వాళ్ళ కార్లకి 15కి దించారు. ట్రక్కుల మీద కొరియాకి 2021 కల్లా ఎత్తేస్తామని 2012 ఒప్పందంలో ఉండేది. 2018లో కూర్చుని దాన్ని 2041కి జరిపారు. హ్యుందాయ్ వాడు ఎదురుచూడలేదు. తన చిన్న పికప్పు శాంటా క్రూజ్‌ని 2021లో అలబామాలోనే తయారుచేయడం మొదలుపెట్టాడు. అది కూడా నా బండి కంటే దాదాపు రెండడుగులు పొడుగే.