చురుకైన గెలాక్సీల వెలుగు మార్పులు: హైదరాబాదు సంబంధం

కొన్ని గెలాక్సీల నడిమధ్య కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉండి, చుట్టూ ఉన్న వాయువును తనలోకి లాక్కుంటూ ఉంటుంది. అటువంటి కేంద్రాల వెలుగు రోజుల్లో, గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో పెరిగి తరుగుతుంది. గంటలో మారే వెలుగు 108 కోట్ల కిలోమీటర్లకు మించిన వెడల్పున్న చోటు నుంచి రావడం కష్టం. కాంతి గంటలో పోయే దూరం అంతే మరి. కృష్ణబిలం దగ్గర పుట్టి మనవైపు దూసుకువచ్చే ధార ఉన్నవాటిని బ్లేజర్లంటారు. వాటిలో ఈ మార్పు మరీ తీవ్రం.

ఇలాంటి మార్పులను పట్టుకోవాలంటే ఆకాశాన్ని ఏళ్ల తరబడి గమనించి నమోదు చేయాలి; ఆ పని హైదరాబాదులోనూ జరిగింది. అక్కడ నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నిజామియా వేధశాలను స్థాపించాడు. 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని ఆయన ఇంగ్లండు నుంచి తెప్పించినదే. ఆయన తరువాత 1908లో నిజాం ప్రభుత్వం దానిని చేపట్టింది. వేధశాల బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. తొలి అధిపతులు చాట్‌వుడ్, పోకాక్‌ల తరువాత 1918 నుంచి 1944 వరకు టి.పి. భాస్కరన్ దానిని నడిపాడు. అంతర్జాతీయ ఆకాశ పట్టిక కోసం 8 అంగుళాల కెమెరాతో తీసిన ఫొటో పలకల ఆధారంగా నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలను 12 సంపుటాల్లో నమోదు చేశారు. ఓపికకు పేరుపడ్డ పని అది. గ్రబ్ దూరదర్శినితో చర నక్షత్రాలను, అంటే వెలుగు మారే నక్షత్రాలనూ గమనించేవారు. ఆ పట్టిక పనిలో జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వదిలేసిన 36–39 డిగ్రీల ఉత్తర ఆకాశ పట్టీనీ హైదరాబాదే పూర్తి చేసింది. మార్కేరియన్ 421 అనే బ్లేజర్ ఉన్నది ఆ పట్టీలోనే, అయితే ఆనాటికి దాని స్వభావం ఎవరికీ తెలియదు.

ఆ వేధశాల ఉద్యోగి కుమారుడు వేణు బాప్పు అబిడ్స్‌కు చేరువలోని నిజాం కళాశాలలో చదివి, 1949లో హార్వర్డ్‌లో ఉండగా తోకచుక్కను కనుగొన్నాడు.

బ్లేజర్ల అసలు స్వభావం బయటపడింది ఆ తరువాతే. 1929లో హాఫ్‌మైస్టర్ చర నక్షత్రంగా నమోదు చేసిన బి.ఎల్. లాసర్టే అనే బ్లేజర్ నక్షత్రం కాదని 1968లో తేలింది. అంతకుముందు 1963లో హార్లన్ స్మిత్, డారిట్ హాఫ్లిట్ హార్వర్డ్ పాత పలకలను తిరగేసి, క్వేజార్ (అతి ప్రకాశవంతమైన చురుకైన గెలాక్సీ కేంద్రం) 3సి 273 వెలుగు దశాబ్దాలుగా మారుతోందని చూపారు. పాత పలకల విలువ అప్పుడు తెలిసింది. 1996లో అమెరికాలోని విపిల్ వేధశాల మార్కేరియన్ 421 గామా కిరణాలు గంటలోపే ఉప్పొంగి తగ్గడం చూసింది.

ఇక హైదరాబాదు విషయానికి వస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి వెలుపల జపాల్-రంగాపూర్‌లో 1968లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని ఎక్కువగా జంట నక్షత్రాలకే అంకితమైంది. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 21 మీటర్ల గామా కిరణ దూరదర్శిని ‘మేస్’ను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది, 2024 అక్టోబరు 4న అది ప్రారంభమైంది. బ్లేజర్ల పరిశీలన దాని లక్ష్యాలలో ఒకటి.