పాత కట్టడము: మార్పునకు ముందు అడుగవలసిన మాట

బొయిపరిగుడ నుండి జయపురము పోయిన మనవారు అక్కడి కోటను, రాజప్రాసాదమును చూడక మరలివచ్చుట అరుదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగు వరకును ఈ సీమ యంతయు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమునకు చేరియుండెను. ఆంధ్రోత్కళ భాషలు రెండింటను పండితుడై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాపోషకుడైన విక్రమదేవవర్మ మహారాజు జయపుర సింహాసనము నధిష్ఠించిన ప్రభువు. విశాఖలోని పరిషత్తు సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. కావున ఆ గోడలలో మన పాలు కొంత కలదనుకొనుట అత్యాశ కాదు.

అట్టి కట్టడమును గాని, దాని చుట్టునున్న పాత వీధిని గాని మార్పదలచినపుడు ఎవరు, ఎవరిని, ఎప్పుడు అడుగవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, పురాతన గృహముల జీవము దీనిపైననే యాధారపడియున్నది.

ఒడిశాకు 1956 నాటి ప్రాచీన కట్టడముల సంరక్షణ శాసనము, దేశమంతటికి 1958 నాటి కేంద్ర శాసనము కలవు. కేంద్ర శాసనమునకు 2010లో జరిగిన సవరణ వలన, సంరక్షిత స్మారకమునకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధమైనది; ఆపై 200 మీటర్లలో అనుమతి లేనిదే ఇటుక పేర్చరాదు. ఇది మంచిదే. కాని ఈ రక్షణ ప్రకటిత స్మారకములకు మాత్రమే. తాతలనాటి లోగిళ్లు, సావిళ్లు, వరుసగా నిలిచిన పెంకుటిండ్ల వీధులు ఏ పట్టికకును ఎక్కనిచో వీని పరిధిలోనికి రావు.

ఈ లోటును పూరించు యత్నము మొదట బొంబాయిలో, పిదప తెలుగునాట హైదరాబాదులో, 1995లోనే జరిగినది. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో 13వది చేర్చబడెను. 1998లో 137 కట్టడముల పట్టిక వెలువడెను. ఆ నిబంధన ప్రకారము పట్టికలోని భవనమును కూల్చుటకే కాదు, గది చేర్చుటకు, మరమ్మతు చేయుటకు, తుదకు రంగు వేయుటకు సైతము ముందుగా అనుమతి పొందవలెను. రంగునకు గూడ అనుమతియా యని నవ్వువారుందురు. సున్నపు గారపై సిమెంటు పూసి, దానిపై మెరుగు రంగులు పట్టించిన పిమ్మట గోడలోని తేమ వెలికిరాలేక పెచ్చులూడుట చూచినవారు నవ్వరు. దరఖాస్తులను పరిశీలించి సలహా చెప్పుటకు నిపుణుల సంఘమొకటి ఏర్పడెను. కూల్చివేత వంటి పెద్ద మార్పులకు ప్రజల అభ్యంతరములను గూడ వినవలెనని నియమము. యజమానికి నష్టపరిహార మార్గమును సైతము అందు చూపిరి. ఇది న్యాయము, ఏలయన పదిమంది సంతోషమునకై ఒక్కని సొమ్ము బిగించరాదు గదా!

ఈ నియమమునకు కఠిన పరీక్ష 2019లో వచ్చినది. ఖైరతాబాదు ప్రాంతపు గుట్టపై నవాబు ఫఖ్రుల్ముల్కు 19వ శతాబ్దమున కట్టించిన ఎర్రంమంజిలు భవనము ఆ పట్టికలోనిది. ఎర్రమట్టి గుట్టను బట్టి తెలుగువారికి ఎర్రమనియు, పారసీకమున స్వర్గోద్యానమునకు పేరైన ఇరమనియు, రెండు భాషలకు సరిపడునట్లు నవాబు ఆ పేరు పెట్టెనని చెప్పుదురు. ఆ చోట క్రొత్త శాసనసభా భవనము కట్టవలెనని రాష్ట్ర మంత్రిమండలి ఆ జూన్ నెలలో నిశ్చయించి, శంకుస్థాపనము గూడ జరిపించెను. పలువురు పౌరులు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. 13వ నిబంధనను 2015లోనే తొలగించితిమనియు, 2017 నాటి క్రొత్త వారసత్వ శాసనపు పట్టికలో ఈ భవనము లేదనియు ప్రభుత్వము వాదించెను. సెప్టెంబరు 16వ తేదీన న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. ఈ తీర్పులో నాకు ముఖ్యముగా తోచిన దేమనగా, క్రొత్త సభాభవనము కావలెనా వద్దా యను చర్చ కంటె, చట్టము కోరిన విధముగా ముందు విచారించిరా లేదా యనునదియే అందు బరువైన ప్రశ్నయైనది. శంకుస్థాపనము చేసిన పిదప చేయు విచారణ, పెండ్లి జరిగిన పిమ్మట జాతకములు చూచుట వంటిది.

మన ప్రాంతమునకు హైదరాబాదు సంఘము వంటిది వెంటనే రావలెనని కోరుట పెద్ద కోరికయే. ఇంటికొక పై అంతస్తు కావలసిన కుటుంబములను నిందించుటయు నా యుద్దేశము కాదు; పిల్లలు పెరిగిన యింట గది చాలదు. అయినను మేస్త్రీని పిలుచుటకు ముందు చేయదగిన పని యొకటి కలదు. ద్వారబంధపు కొలతలు, దూలముల కొయ్య, గోడ మందము, పెంకుల తీరు, ఇల్లు ఎవరి కాలమున లేచినదో పెద్దలు చెప్పిన మాట, ఒక ఛాయాచిత్రము: ఇవి వ్రాసి సంఘమునకు ఇచ్చినచో, ఏ యింట ఏది మార్చవచ్చునో, ఏది నిలుపవలెనో పదిమంది కూర్చుండి మాటలాడుటకు ఆధారము దొరకును. సంఘపు బీరువాలో ఒక అర ఇందులకు చాలును.